'గేర్‌బాక్స్ పోయింది' అని ఎవరన్నా అంటే ముందు ఇంజిన్ ఆపి చూడండి



పోస్టు పొడుగ్గా ఉంటది, ఓపిగ్గా చదవండి. మనం ఇక్కడ మామూలుగా పోడు పట్టాల గురించి, జీవో 3 గురించి, హాస్టళ్ల గురించి, డీఎస్సీ గురించి రాసుకుంటాం. నేను ఈరోజు గేర్‌బాక్స్ గురించి రాస్తున్నా. నవ్వకండి. మా ఇంట్లో ఒక ఎకరం భూమి రెండు పంటలు మా చేతిలో లేకుండా పోయింది. గేర్‌బాక్స్ వల్ల కూడా కాదు. 'గేర్‌బాక్స్ పోయింది' అన్న ఒక్క మాట వల్ల.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నా అంటే, 2026 జనవరి 28 నుంచి 31 దాకా మేడారం జాతర. చర్ల, దుమ్ముగూడెం, పినపాక, కరకగూడెం, గుండాల, ఎటు చూసినా మన బండ్లన్నీ రోడ్డెక్కుతయి. ఏడుగురు కూర్చునే బండిలో పదిహేను మంది, పైన మూటలు, మేకపోతు. జాతర అయ్యాక ఫిబ్రవరిలో సగం బండ్లు మెకానిక్ షెడ్ల ముందు నిలబడతయి. అప్పుడు ఈ మాట చాలా ఇళ్లలో వినపడుద్ది. అందుకే ముందుగా చెప్తున్నా.

మా సంగతి చెప్తా. మా ఊరికి బస్సు రోజుకు రెండుసార్లు వస్తది, వానాకాలంలో అదీ లేదు. 2021లో మా పెద్దన్న, మా బావ కలిసి ఒక సెకండ్ హ్యాండ్ జీపు కొన్నారు. మిర్చి ఏరటానికి కూలీలను తీసుకుపోవటం, సంతకు, ఆస్పత్రికి, పిల్లల్ని హాస్టల్‌కి దింపటం, అన్నీ దానితోనే. 2024 ఫిబ్రవరి జాతరకి నాలుగు రోజులు బండికి విశ్రాంతి లేదు. తిరిగొచ్చిన వారానికి గేర్ పడటం కష్టమైంది. మొదటి గేర్, రివర్స్ గేర్ వేస్తుంటే 'కరకర' మని చప్పుడు. అన్న ఒక సంగతి గమనించాడు. క్లచ్ పెడల్ రెండు మూడు సార్లు గబగబా తొక్కితే గేర్ మెత్తగా పడేది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తా.

బండిని పట్నంలో ఒక షెడ్డుకి తీసుకుపోయాం. ఆ మెకానిక్ తాళం చెవి కూడా తీసుకోలేదు. లివర్ రెండుసార్లు అటూ ఇటూ ఊపి, 'గేర్‌బాక్స్ పోయింది. దింపాలి. 42 వేలు అవుద్ది' అన్నాడు. అన్న పెడల్ సంగతి చెప్పబోతే, 'నీకు తెలిస్తే నువ్వే చేసుకో' అన్నాడు. అన్నకి నలభై ఏళ్లు. ఆయనకి పాతికేళ్లు ఉంటయేమో. 'నువ్వు' అనే పిలిచాడు. నేను పక్కనే ఉన్నా. డిగ్రీ చదివినవాణ్ణి. నోరు తెరవలేదు.

42 వేలు ఇంట్లో ఎక్కడివి? నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాం. నెలకి 1,260 రూపాయలు వడ్డీనే. బండి 19 రోజులు షెడ్డులో ఉంది. మిర్చి ఏరే కాలం అది, రోజు కిరాయి పోయింది. బండి ఇంటికొచ్చింది, బాగానే నడిచింది. మేం సంతోషపడ్డాం. జూన్‌లో, పత్తి గింజలు పెట్టే టైముకి, మళ్లీ అదే 'కరకర'.

ఈసారి మణుగూరులో ఉండే మా మామ వరస పెద్దాయన్ని పిలిచాం. సింగరేణిలో ఫిట్టర్‌గా చేసి రిటైర్ అయ్యాడు. ఆయన వచ్చి బండి ఎక్కి కూర్చుని, ముందు ఇంజిన్ ఆపమన్నాడు. ఇంజిన్ ఆపి ఉండగా ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, రివర్స్, అన్ని గేర్లూ వేసి చూశాడు. వెన్నలో కత్తి దిగినట్టు పడ్డయి. స్టార్ట్ చేసి చూశాడు, పడలేదు. 'అల్లుడూ, రోగం గేర్‌బాక్స్‌లో లేదు, నీ కాలి కింద ఉంది' అన్నాడు. డ్రైవర్ కాళ్ల దగ్గర పట్టా ఎత్తి, క్లచ్ పెడల్ వెనక రాడ్ మీద వేలు పెట్టి చూపించాడు. తడి. క్లచ్ మాస్టర్ సిలిండర్ సీలు పోయి ఆయిల్ కారుతుంది. పెడల్ తొక్కినా క్లచ్ పూర్తిగా విడిపోవటం లేదు. విడిపోని క్లచ్‌తో గేర్ ఎట్లా పడుద్ది? సీల్ కిట్టు, ఆయిల్ కలిపి 900 రూపాయలతో అయిపోయింది.

మరి మొదట మూడు నెలలు ఎందుకు బాగా నడిచింది అంటే, గేర్‌బాక్స్ దింపి ఎక్కించినప్పుడు క్లచ్ లైనులో కొత్త ఆయిల్ పోసి గాలి తీస్తరు. దానితో కొన్నాళ్లు పెడల్ బాగుంటది. ఆయిల్ మళ్లీ కారిపోగానే రోగం బయటపడింది. షెడ్డులో గేర్‌బాక్స్ లోపల ఏం మార్చారో మాకు ఇప్పటికీ తెలియదు. పాత సామాను అడగలేదు. బిల్లు అడగలేదు. తెల్ల కాగితం మీద ఒక అంకె, అంతే. ఆయన్ని దొంగ అనటానికి నా దగ్గర రుజువు లేదు. కాదు అనటానికి ఆయన దగ్గరా లేదు.

అప్పు తీర్చటానికి అన్న రోడ్డు పక్క ఎకరం రెండు వానాకాలాలకి కౌలుకి ఇచ్చాడు. తీసుకున్నది బయటి మనిషి. మనందరికీ తెలుసు, 1/70 ప్రకారం ఏజెన్సీలో గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి కౌలుకివ్వటం కూడా చెల్లదు. తెలిసే ఇచ్చాం, కాగితం లేకుండా. భూమి కోసం సభల్లో మాట్లాడే నేను, ఇంట్లో ఎకరం పోతుంటే చూస్తూ ఉన్నా. ఇది రాయటానికి నాకు సిగ్గుగానే ఉంది. కానీ మన భూమి ఎప్పుడూ పెద్ద పెద్ద కుట్రలతోనే పోదు. ఒక్కోసారి 900 రూపాయల సీలు తెలియక పోతది.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్తా. మన పిల్లలకి బండి నడపటం వచ్చు. బండి మాట వినటం రాదు. రోగం కనుక్కోవటం మెకానిక్ పని, డబ్బులివ్వటం మన పని అనుకుంటున్నాం. సగం కనుక్కోవటం మనమే చేయొచ్చు, దానికి పానా కూడా అక్కర్లేదు. కాళ్లు, చెవులు, పావుగంట టైము చాలు. మామ దగ్గర ఏడాదిగా నేర్చుకున్నవి ఇక్కడ పెడుతున్నా. దాచుకోండి, ఊళ్లో డ్రైవర్లకి చదివి వినిపించండి.

మొదటి పరీక్ష. బండి చదును నేల మీద పెట్టి, ఇంజిన్ ఆపి అన్ని గేర్లూ వేయండి. ఇంజిన్ ఆపితే పడి, స్టార్ట్ చేస్తే పడకపోతే అనుమానం ముందు క్లచ్ మీద పెట్టండి. ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గిందా, పెడల్ దగ్గర మాస్టర్ సిలిండర్, కింద గేర్‌బాక్స్ పక్కన స్లేవ్ సిలిండర్ తడిగా ఉన్నయా చూడండి. కేబుల్ క్లచ్ అయితే కేబుల్ సాగిందా, తెగబోతుందా చూడండి. పెడల్ పంపు కొట్టినట్టు తొక్కితే గేర్ పడుతుందంటే, ఆయిల్ క్లచ్‌లో అది దాదాపు సిలిండర్ రోగమే. మా అన్న చెప్పబోయింది ఇదే. ఇంజిన్ ఆపినా గేర్ పడకపోతే అప్పుడు గేర్ లివర్ కింది బుష్‌లు, కేబుళ్లు, లింకు రాడ్లు చూడాలి. అవీ బాగుంటేనే లోపలి మాట.

రెండో పరీక్ష చప్పుడుది. ఇంజిన్ స్టార్ట్ చేసి న్యూట్రల్‌లో పెట్టి, క్లచ్ మీద కాలు తీసేసి వినండి. గుర్రుమని చప్పుడు ఉండి, పెడల్ తొక్కగానే ఆగిపోతే గేర్‌బాక్స్ లోపలి బేరింగ్ మీద అనుమానం. పెడల్ వదిలి ఉన్నప్పుడు ఇంజిన్ గేర్‌బాక్స్ ముందు షాఫ్ట్‌ని తిప్పుతుంటది, తొక్కితే ఆ షాఫ్ట్ ఆగుద్ది, దానితోపాటు చప్పుడూ ఆగుద్ది. అదే ఉల్టాగా, మామూలుగా చప్పుడు లేకుండా పెడల్ తొక్కినప్పుడే కీచుమంటే అది క్లచ్ రిలీజ్ బేరింగ్. రెండూ ఒకటి కాదు, రెండింటి ఖర్చూ ఒకటి కాదు.

మూడోది క్లచ్ జారటం. ఎత్తు ఎక్కుతుంటే ఇంజిన్ అరుస్తుంది కానీ బండి కదలదు, కాలిన వాసన వస్తది. చాలామంది దీన్నే 'గేర్‌బాక్స్ లాగట్లేదు' అంటరు. చూసే పద్ధతి: ముందూ వెనకా మనుషులు లేని చోట హ్యాండ్ బ్రేక్ గట్టిగా వేసి, మూడో గేర్‌లో పెట్టి క్లచ్ మెల్లగా వదలండి. ఇంజిన్ ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే క్లచ్ ప్లేటు అరిగింది. ఒక్కసారే చూడండి, పదిసార్లు చేస్తే ఉన్న ప్లేటు కూడా కాలుద్ది.

నాలుగోది, ఒక్క గేర్‌కే చప్పుడు రావటం. అన్ని గేర్లూ బాగుండి, మూడు నుంచి రెండుకి దించేటప్పుడు మాత్రమే 'కర్ర్' మంటే ఆ గేర్ సింక్రో రింగ్ అరిగి ఉంటది. ఇది నిజంగా గేర్‌బాక్స్ లోపలి రోగమే. కానీ రేపే బండి ఆగిపోద్దని కాదు. న్యూట్రల్‌లో ఒకసారి క్లచ్ వదిలి, కొంచెం రేస్ ఇచ్చి, మళ్లీ తొక్కి గేర్ వేస్తే చప్పుడు లేకుండా పడుద్ది. పాత లారీ డ్రైవర్లు ఇట్లాగే నడిపేవాళ్లు. డబ్బులు కూడేదాకా ఇట్లా కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. ఇంకో మాట, చాలా బండ్లలో రివర్స్ గేర్‌కి సింక్రో ఉండదు. బండి పూర్తిగా ఆగి, క్లచ్ తొక్కి రెండు మూడు సెకన్లు ఆగాక వేయాలి. ఆగకుండా వేసి, చప్పుడొచ్చిందని షెడ్డుకి పోతే మన తప్పుకి మనమే డబ్బు కడుతున్నట్టు.

అయిదోది, గేర్ ఎగిరి న్యూట్రల్‌లో పడటం. దిగుడులో యాక్సిలేటర్ వదిలినప్పుడు లివర్ దానంతట అదే బయటికొస్తే, ముందు మౌంటింగ్ రబ్బర్లు చూడండి. అవి చితికిపోతే ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసి ఊగి లివర్‌ని లాగేస్తయి. తర్వాత లింకేజీ. అవి బాగుంటే లోపల ఫోర్కో, స్ప్రింగో, గేర్ పళ్లో అరిగినట్టు. చింతూరు దాటి మారేడుమిల్లి ఘాట్ దిగే బండికి ఈ రోగం ఉంటే మాత్రం కిరాయికి పోవద్దు. ఘాట్ దిగేటప్పుడు గేర్ జారితే బండి బరువంతా బ్రేకుల మీదే పడుద్ది. ప్రాణాల మాట అది.

ఆరోది ఆయిల్. అన్నిటికన్నా చవక పరీక్ష ఇదే, అందరం మర్చిపోయేదీ ఇదే. గేర్ ఆయిల్ దించి తెల్ల గుడ్డ మీద పోయండి. డ్రెయిన్ బోల్టు అయస్కాంతానికి నల్లటి మెత్తటి ముద్ద అంటుకుంటే కంగారు లేదు, అది మామూలు అరుగుదల. పసుపు రంగు మెరుపు ఎక్కువగా కనిపిస్తే సింక్రో రింగులు అరుగుతున్నయి. గట్టి ఇనుప ముక్కలు, పంటి ముక్క దొరికితే బండి అక్కడే ఆపేయండి. పాలు పోసిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరినయి.

ఈ నీళ్ల సంగతి మన ప్రాంతానికి బాగా పట్టేది. బాగా నడిచి వేడెక్కిన గేర్‌బాక్స్‌ని చల్లటి వాగులో దింపితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుపోద్ది. గాలి కోసం పెట్టిన చిన్న గొట్టం నుంచి, అరిగిన సీళ్ల నుంచి నీళ్లు లోపలికి పీల్చుకుంటది. వానాకాలంలో మనం రోజూ వాగులు దాటేవాళ్లం.

ఒక ఉదాహరణ చెప్తా, ఎందుకంటే ప్రతిసారీ చిన్న రోగమే ఉంటదని అనుకోకూడదు. 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి వచ్చింది గుర్తుందా? మూడో హెచ్చరిక 53 అడుగులకే ఇస్తరు. ఆ వరదలో నా క్లాస్‌మేట్ వాళ్ల చిన్న ట్రాలీ రెండు రోజులు నీళ్లలో ఉంది. నీళ్లు తీశాక ఇంజిన్ ఆయిల్ మార్చారు, స్టార్ట్ అయింది, తోలుకున్నారు. గేర్ ఆయిల్ ఎవరికీ గుర్తు రాలేదు. మూడు నెలలకి బండి ఏనుగు ఘీంకరించినట్టు అరవటం మొదలైంది. దించితే టీ రంగు ఆయిల్, అడుగున పంటి ముక్క. అది నిజంగానే పోయిన గేర్‌బాక్స్. వరద తగ్గిన రోజే ఆయిల్ మార్చి ఉంటే రెండు లీటర్ల ఆయిల్ ఖర్చుతో పోయేది. విప్పి బాగుచేయటానికి 38 వేలు అడిగారు. వాళ్లు తొందరపడలేదు. విజయవాడ ఆటోనగర్ పోయి పాత గేర్‌బాక్స్ తెచ్చి బిగించుకున్నారు. రానుపోను, కూలి అంతా కలిపి 22 వేలు అయింది. కొనేముందు షాఫ్ట్ చేత్తో తిప్పి, అన్ని గేర్లూ వేసి, ముందు షాఫ్ట్ అటూ ఇటూ ఊపి లూజు ఉందా లేదా చూశారు. పనిచేయకపోతే వెనక్కి తీసుకుంటామని కాగితం మీద రాయించుకున్నారు. కష్టమొచ్చినా అప్పులో మునగలేదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా తెలుసుకోవాలి. గేర్‌బాక్స్ దించటం వేరు, విప్పటం వేరు. క్లచ్ ప్లేటు మార్చాలన్నా చాలా బండ్లలో గేర్‌బాక్స్ దించాల్సిందే. దించినంత మాత్రాన గేర్‌బాక్స్ రిపేరు కాదు. దించే కూలి ఎట్లాగూ ఇస్తున్నాం కాబట్టి అప్పుడే క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, ఆయిల్ సీళ్లు చూసుకోవాలి. ఆరు నెలలకి మళ్లీ దించితే కూలి రెండోసారి. ఎస్టిమేట్ అడిగేటప్పుడు దించే కూలి ఎంత, లోపల విప్పే కూలి ఎంత, సామాను ఎంత అని విడివిడిగా రాయించండి. విప్పాక ఫోటో పంపమనండి, మన మాట లేకుండా సామాను మార్చొద్దని చెప్పండి. పాత సామాను సంచిలో పెట్టి ఇమ్మనండి. బిల్లు అడగండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి బండి విడిభాగాల మీద జీఎస్‌టీ 28 శాతం ఉన్నవాటికి 18కి తగ్గింది. బిల్లు లేకుండా కొనేవాడికి తగ్గినా పెరిగినా ఒకటే.

మెకానిక్‌ల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే అన్యాయం. అందరూ మోసగాళ్లు కాదు. గేర్‌బాక్స్ ఎత్తే జాకీ లేకుండా ఇద్దరు కుర్రాళ్లు పొట్ట మీద మోసి దించే షెడ్లు చూశాను. మన తప్పులూ ఉన్నయి. క్లచ్ మీద కాలు పెట్టే నడుపుతం. బురదలో అర క్లచ్‌తో ఏడిపిస్తం. గేర్ లివర్ మీద చెయ్యి ఆనించి ముచ్చట్లు చెప్తం. ఆయిల్ కారుతుంటే కింద రాయి పెట్టినట్టు డబ్బా పెట్టి ఊరుకుంటం. పదిహేను మందిని ఎక్కిస్తం. రోగం ముదిరాక పోతే ఎంత మంచి మెకానిక్ అయినా పెద్ద అంకె చెప్పక ఏం చేస్తాడు?

ఇక డబ్బు. రోగం తెలిసినా డబ్బు లేకపోతే ఏం లాభం అంటరు. నిజమే. 2025లో రాజీవ్ యువ వికాసం కింద 4 లక్షల దాకా యూనిట్లకి దరఖాస్తులు పెట్టాం, చాలామంది బండ్లే అడిగారు. బండి రావటం మొదటి రోజు సంగతి. రెండో ఏడు క్లచ్ ప్లేటుకి డబ్బు ఎక్కడిది? దాని గురించి మనమూ అడగలేదు. ఆ ఖాళీలోనే వడ్డీ వ్యాపారి కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. షెడ్యూల్డ్ ప్రాంతంలో వడ్డీ వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలని 1960 నుంచీ రెగ్యులేషన్ ఉంది. మాకు అప్పిచ్చిన మనిషిని మేం లైసెన్సు అడగలేదు. అడిగితే అప్పు పుట్టదు కదా. రాత్రికి రాత్రి డబ్బు కావాల్సినవాడికి చట్టం గుర్తుచేసి ఏం లాభం? చేతిలో ఇంకో దారి ఉంటేనే చట్టం మాట్లాడే ధైర్యం వస్తది.

ఆ దారి నాకు తోచింది ఇది. ఒక పంచాయతీలో, చుట్టుపక్కల గూడేల్లో కలిపి 12 బండ్లు ఉన్నయి అనుకుందాం. ఒక్కో బండి నెలకి 300 రూపాయలు వేస్తే నెలకి 3,600. ఏడాదికి 43,200. మా అన్న ఇచ్చిన 42 వేలు గుర్తుందా? ఒక ఏడాదిలో 12 బండ్లకీ గేర్‌బాక్స్ పోదు. ఒకటికో రెండుకో పెద్ద పని పడుద్ది. ఆ బండికి ఫండ్ నుంచి వడ్డీ లేకుండా ఇచ్చి, కిరాయిల్లోంచి నెలనెలా తిరిగి కట్టించుకోవాలి. ఇవ్వటానికి ఒకటే షరతు పెట్టాలి. పైన చెప్పిన ఆరు పరీక్షలు చేసి కాగితం మీద రాసి తేవాలి, ఎస్టిమేట్ విడివిడిగా ఉండాలి. అట్లా అయితే ఫండే మనకి చదువు చెప్పుద్ది.

'ఊళ్లో చిట్టీలన్నీ మునిగినయి, ఇదీ అంతే' అంటరు. చిట్టీ మునిగేది ఒక్క మనిషి జేబులో ఉంటే. మన డ్వాక్రా సంఘాల అక్కల్ని చూడండి. పుస్తకం, తీర్మానం, ఇద్దరి సంతకాలు, బ్యాంకు ఖాతా. ఏళ్ల తరబడి నడుపుతున్నారు. డ్రైవర్లు వేసిన డబ్బుకి లెక్కలు ఆ అక్కల చేతుల్లో పెట్టటానికి నేను సిద్ధం. మగవాళ్ల చేతిలో పెడితే జాతర రాత్రే అయిపోద్దని మా వదిన అంది. కాదనే ధైర్యం నాకు లేదు.

చివరి మాట చదువుకునే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి. మనలో ఎంతమంది మోటార్ మెకానిక్ పని నేర్చుకున్నారు? ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ రెండేళ్లు, డీజిల్ మెకానిక్ ఒక ఏడాది. పదో తరగతి పాసైతే చేరొచ్చు. నేర్చుకున్నవాళ్లు కూడా హైదరాబాద్ షోరూముల్లో పన్నెండు వేలకి నీళ్లు కొట్టి బండ్లు కడుగుతున్నారు. ఇక్కడ మన రోడ్ల మీద మన మాట విని, మన భాషలో రోగం అడిగే మెకానిక్ లేడు. రాష్ట్రంలో 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తున్నారు. రోబోలు, ఎలక్ట్రిక్ బండ్లు నేర్పుతరంట. మంచిదే, మన పిల్లలు అవీ నేర్చుకోవాలి. కానీ మన గూడేలకి ఇంకో పదేళ్లు డీజిల్ జీపే తిరుగుద్ది. అందుకని ఐటీడీఏ పీవో గారికి మన గ్రూపు తరఫున ఒక అర్జీ పెడదామని అడుగుతున్నా. మండలానికి ఇద్దరు గిరిజన యువకులకి మంచి షెడ్డులో ఆరు నెలల గేర్‌బాక్స్, క్లచ్ పని శిక్షణ, అయ్యాక పానాల సెట్టు, గేర్‌బాక్స్ జాకీ. బండి సబ్సిడీతో పోలిస్తే ఇది చిల్లర ఖర్చు. ఒక్క షెడ్డు నిలబడితే చుట్టూ ఉన్న బండ్లన్నీ నిలబడతయి.

నేను డిగ్రీ చదివి, అన్న పక్కన నిలబడి నోరు మూసుకున్నా అని చెప్పాను కదా. ఆ రోజు నాకు కావాల్సింది ఇంజినీరింగ్ కాదు. 'ఒక్కసారి ఇంజిన్ ఆపి గేర్లు వేసి చూడన్నా' అనే ఒక్క వాక్యం. ఆ వాక్యం తెలిస్తే అవతలి మనిషి కూడా 'నువ్వు' అనటానికి ఒక క్షణం ఆలోచిస్తాడు. తెలిసినవాడి ముందు ఎవరైనా కొంచెం జాగ్రత్తగా మాట్లాడతరు.

మా ఎకరం వచ్చే ఉగాదికి తిరిగి మా చేతికి వస్తది. ఈ పత్తి తీసేదాకా రోడ్డు మీద పోతూ ఆ చేను చూసినప్పుడల్లా అన్న తల పక్కకి తిప్పుకుంటాడు. జీపు మాత్రం మంచిగా నడుస్తుంది. మేడారం కిరాయిలు ఇప్పటికే మాట్లాడుకున్నాం, ఈసారి తొమ్మిది మందికి మించి ఎక్కించమని అన్న ఖరాఖండిగా చెప్పాడు.

జాతరకి బయలుదేరేముందు మీ ఊరి బండికి ఆ ఆరు పరీక్షలూ చేసి, ఏం తేలిందో కింద రాయండి. ఐటీఐ చేసినవాళ్లు మండలం పేరుతో చేతులెత్తండి. ఫండ్ పెట్టాలనుకునే ఊళ్లు చెప్పండి, లెక్కల పుస్తకం ఎట్లా రాయాలో మా వదిన సంఘం వాళ్లు నేర్పుతామన్నారు. నేను రాసినదాంట్లో తప్పుంటే పని తెలిసిన అన్నలు సరిదిద్దండి, కోపం లేదు.

జై ఆదివాసీ.